ట్రీట్‌మెంట్ అయిపోయింది, మరి నేనెందుకిలా ఉన్నా?

పోయిన సంచికలో రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ తర్వాత రోజుల గురించి ఏమైనా అడగండి అని ఒక చిన్న బాక్స్ వేశాం. నాలుగైదు వస్తాయేమో అనుకున్నా గానీ టేబుల్ మీద పెట్టడానికి చోటు లేనన్ని ఉత్తరాలొచ్చాయి. చిత్రమేంటంటే ఆపరేషన్ గురించి, కీమో గురించి ఒక్కళ్ళు కూడా అడగలేదు, అవన్నీ డాక్టర్లు ఎలాగూ చెప్పేశారు కదా. అందరూ అడిగింది అవన్నీ అయిపోయి ఇంటికొచ్చేశాక జరిగేవి, అంటే ఎవరూ చెప్పనివి. నేను తెలియని వాళ్ళకి ఒక మాట: నేను ఫిజియోథెరపిస్ట్‌ని, క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేశా, 11 ఏళ్ళ క్రితం నేనే పేషెంట్‌నయ్యా, ఎడమ పక్క. అందుకని ఈ జవాబుల్లో కొన్ని చదువుకున్నవి, కొన్ని ఒంటి మీదకి వచ్చినవి.

ప్రశ్న: రేడియేషన్ అయిపోయి ఏడు నెలలైంది అక్కా. ఇంట్లో అందరూ "అయిపోయిందిగా, ఇంక లేచి తిరుగు" అంటున్నారు. నాకేమో లేచి మొహం కడుక్కుంటేనే మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది. ఎనిమిది గంటలు నిద్రపోయినా అంతే. మాట మధ్యలో పదాలు మర్చిపోతున్నా. కీమో టైంలో ఒక్క రోజు కూడా ఏడవలేదు, ఇప్పుడు ఊరికే ఏడుపొస్తోంది. నేను బద్ధకానికి అలవాటు పడిపోయానా?

జవాబు: బద్ధకం కాదు తల్లీ. పడుకుంటే పోయేది మామూలు అలసట, ఎంత పడుకున్నా పోనిది ఇది. రెండూ ఒకటి కాదు, కానీ చూసేవాళ్ళకి ఒకేలా కనిపిస్తాయి, అక్కడే గొడవంతా. ట్రీట్‌మెంట్ తర్వాత ఇది చాలామందికి నెలలపాటు ఉంటుంది, కొంతమందికి ఏళ్ళు కూడా పడుతుంది. పదాలు దొరక్కపోవడం, గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోవడం, ఇవి కూడా దీనితో పాటు వచ్చేవే, మెల్లిగా తగ్గుతాయి.

అయితే అన్నీ దీని మీదకే తోసేయకూడదు. ముందు డాక్టర్ దగ్గరకెళ్ళి రక్తం తక్కువుందేమో చూపించుకోండి, థైరాయిడ్ చూపించుకోండి (మెడ కింద భాగానికి కూడా రేడియేషన్ ఇచ్చి ఉంటే ఇది మర్చిపోవద్దు), వేడి ఆవిర్లతో రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో చెప్పండి. ఇవి మందుతో సరిదిద్దగలిగేవి, వీటిని పట్టుకోకుండా "మనసు గట్టి చేసుకో" అని చెప్పడం అన్యాయం.

అవన్నీ బాగానే ఉన్నాయి, అయినా ఓపిక లేదు అంటే అప్పుడు మందు నడక. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, లేవలేకపోతున్నాను మొర్రో అంటుంటే నడవమంటారేంటి అని నేనూ విసుక్కున్నా, నేను ఫిజియోని అయ్యుండి కూడా. కానీ చాలా స్టడీలు కలిపి చూసినప్పుడు ఈ నీరసానికి మందులకన్నా వ్యాయామమే మెరుగ్గా పనిచేస్తుందని తేలింది. వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవడం, రెండు రోజులు కండరాలకి పని చెప్పడం, ఇదీ లెక్క. ఆ 150 చూసి భయపడొద్దు. నేను మొదలుపెట్టిన రోజు మా గేటు నుంచి మొదటి కరెంటు స్తంభం దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని నిలబడి, తిరిగొచ్చి పడుకున్నా. మూడు రోజులు అదే స్తంభం. నాలుగో రోజు రెండోది. మధ్యలో బాగున్న రోజున ఉత్సాహం ఆపుకోలేక ఐదు స్తంభాలు వెళ్ళిపోయా, తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. కాబట్టి బాగున్న రోజున కూడా కొంచెం ఓపిక మిగుల్చుకుని ఇంటికి రావాలి, ఉన్నదంతా ఒకేసారి వాడేయడం చాలామంది చేసే తప్పు.

ఇక ఏడుపు సంగతి. ఆసుపత్రికి తిరిగే రోజుల్లో ఒక టైంటేబుల్ ఉంటుంది, ఫలానా తారీకు కీమో, ఫలానా తారీకు బ్లడ్ టెస్ట్, ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నారమ్మా అని అడుగుతారు. ఆ చివరి రోజు తర్వాత అదంతా ఒక్కసారి ఆగిపోతుంది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదుల్తాం, ఏడుపు అప్పుడే వస్తుంది. వచ్చిందంటే మీరు కుంగిపోయారని కాదు. కానీ రెండు వారాలకు పైగా దేని మీదా ఇష్టం లేకుండా, తిండీ నిద్రా సరిగ్గా లేకుండా ఉంటే, ఎందుకు బతకడం అనే ఆలోచనొస్తే మాత్రం ఆగకుండా ఆ రోజే చెప్పేయాలి, ఆంకాలజిస్ట్‌కి (క్యాన్సర్ డాక్టర్‌కి) చెప్పినా సరే, ఇంట్లోవాళ్ళకి చెప్పినా సరే.

ఇంట్లోవాళ్ళకి ఈ జవాబు చదివి వినిపించండి. "అయిపోయింది" అన్నమాట వాళ్ళు ప్రేమతోనే అంటున్నారు, అయిపోవాలని వాళ్ళకీ ఉంది పాపం.

ప్రశ్న: మేడమ్, నా వయసు 58. కుడి చంకలో గ్రంథులన్నీ తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు ఈ చేత్తో బరువు ఎత్తొద్దు, సూది వద్దు, బీపీ చూపించొద్దు అన్నారు. రెండేళ్ళుగా ఆ చేత్తో ఏమీ చేయట్లేదు, మనవడిని కూడా ఎత్తుకోలేదు. అంత జాగ్రత్తగా ఉన్నా ఈమధ్య సాయంత్రం అయ్యేసరికి ఆ చేతికి వాచీ బిగుతుగా అనిపిస్తోంది. మా వాళ్ళు ఒళ్ళు వచ్చింది అంటున్నారు.

జవాబు: ఒళ్ళొస్తే రెండు చేతులకీ వస్తుంది కదమ్మా. మీ వాచీ చెప్తున్నదే నిజం, ఈ వారంలోనే చూపించుకోండి. లింఫెడిమా అనే ఈ వాపు కంటికి కనిపించే ముందు ఇలాగే మొదలవుతుంది, చెయ్యి బరువుగా ఉన్నట్టు, ఉంగరమో వాచీయో పట్టేసినట్టు, చర్మం సాగదీసినట్టు. వెళ్ళేలోపు మీరే ఒక పని చేయొచ్చు. టైలర్ టేపు తీసుకుని మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్లు కింద, 10 పైన, రెండు చేతులకీ ఒకే చోట కొలిచి తారీకు వేసి రాసుకోండి. ఎక్కడైనా రెండు సెంటీమీటర్ల తేడా వచ్చిందంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. తేడా అంత రాకపోయినా బరువుగా అనిపిస్తుంటే వెళ్ళాల్సిందే.

ఎందుకొస్తుందంటే, చేతిలోంచి తిరిగి వెళ్ళాల్సిన లింఫ్ అనే నీరు చంకలోని గ్రంథుల మీదుగా పోతుంది, వాటిని తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా దారి ఇరుకవుతుంది. చంకలో గ్రంథులన్నీ తీసినవాళ్ళలో సుమారు అయిదుగురిలో ఒకరికి వస్తుంది, ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి టెస్ట్ చేసినవాళ్ళలో ఇరవైమందిలో ఒకరికి. ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలో, కానీ చాలా ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారు. తొందరగా పట్టుకుంటే స్లీవ్ (చేతికి వేసుకునే బిగుతు తొడుగు), లింఫ్ మసాజ్, వ్యాయామంతో అదుపులో ఉంటుంది. ముదిరి చర్మం గట్టిపడ్డాక మాత్రం మా ఫిజియోలకి కూడా చాలా కష్టం.

ఇప్పుడు ఆ ఎత్తొద్దు గొడవకొద్దాం, ఎందుకంటే నాకు దీని మీద కోపం ఉంది. ఒకప్పుడు అందరం అలాగే చెప్పేవాళ్ళం, నేను కూడా చెప్పా, తప్పు ఒప్పుకోవాలి. 2009లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది, ఇదివరకే చేతికి వాపున్న 141 మంది ఆడవాళ్ళు, అందులో సగంమంది చేత వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు, చాలా తక్కువతో మొదలుపెట్టి మెల్లిగా పెంచుకుంటూ ఏడాదిపాటు. వాళ్ళకి వాపు ఎక్కువ కాలేదు సరికదా, మధ్యమధ్యలో వాపు ఒక్కసారి ఎగదన్నడం తగ్గింది, చేతిలో బలం పెరిగింది. వాడని చెయ్యి బలహీనమవుతుంది, బలహీనమైన చేతికి రోజువారీ పనే పెద్ద బరువవుతుంది, అసలు ప్రమాదం అది. మీ మనవడిని ఇవాళే ఎగరేసి ఎత్తుకోమని కాదు. చెయ్యి చూపించుకుని, స్లీవ్ అవసరమైతే వేసుకుని, అర కిలో నీళ్ళ సీసాతో మొదలుపెట్టండి, ఫిజియో ఎదురుగా ఉంటే మరీ మంచిది. పిల్లాడిని ఈలోపు కూర్చుని ఒళ్ళోకి ఎక్కించుకోండి. పని చేశాక చేతిలో బరువు మర్నాటికి కూడా పోకపోతే ఒక మెట్టు దిగాలి, అంతే లెక్క.

బీపీ, సూది విషయం కూడా అంత భయపడాల్సింది కాదని ఈమధ్య స్టడీలు చెప్తున్నాయి. రెండో చెయ్యి ఉన్నప్పుడు అది ఇవ్వండి, ఎమర్జెన్సీలో ఈ చేతికి సూది గుచ్చారని రాత్రంతా నిద్ర మానుకోవద్దు. అసలు జాగ్రత్త పడాల్సింది చర్మం గురించి. మొక్కల పని చేస్తే గ్లౌజులు, చిన్న గాయమైనా సబ్బుతో కడిగి మందు రాయడం, పొడిబారకుండా క్రీమ్. చెయ్యి ఎర్రగా, వేడిగా అయ్యి చలిజ్వరం వచ్చిందంటే మాత్రం పొద్దున చూద్దాంలే అనొద్దు, అది ఇన్‌ఫెక్షన్, అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. బరువు పెరగకుండా చూసుకోవడం కూడా ఈ చేతికి చేసే సాయమే.

పనిలో పనిగా, ఇంకో ఇద్దరు చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగ లాగినట్టు ఉందని, చెయ్యి పైకెత్తితే ఆ తీగ బిగుస్తోందని రాశారు. అది క్యాన్సర్ కాదు, ఆపరేషనైన కొన్ని వారాల్లో కొందరికి వచ్చేదే, నొప్పి భరించగలిగినంత వరకు సాగదీస్తూ ఉంటే నెలల్లో పోతుంది. భయపడి చెయ్యి కదపకుండా దాచుకుంటేనే భుజం పట్టేస్తుంది. ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి. అలాగే చెయ్యి లోపలి వైపు మొద్దుబారడం, అక్కడి నరం ఆపరేషన్‌లో తెగినా నలిగినా అలా ఉంటుంది. నాకు ఇప్పటికీ చంక కింద అరచేయంత మేర స్పర్శ లేదు, చీమ కుట్టినా తెలీదు, అక్కడ వేడినీళ్ళ కాపడం పెట్టుకోను, ఎంత వేడో ఆ చర్మం నాకు చెప్పదు కాబట్టి.

ప్రశ్న: లెట్రోజోల్ మొదలుపెట్టి 14 నెలలు. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి, అమ్మమ్మ కంటే అధ్వాన్నం అయిపోయా. నిజం చెప్పాలంటే మూడు వారాల నుంచి మానేశా, నొప్పులు తగ్గాయి. డాక్టర్ గారికి చెప్పలేదు, తిడతారని. ఒక చిన్న మాత్రే కదా, మానేస్తే ఏమవుతుంది?

జవాబు: మీరొక్కరే కాదు, ఈ మాటే నలుగురు రాశారు, రాయనివాళ్ళు ఇంకెంతమందో. తిట్టను. కానీ చెప్పకుండా మానేయడానికీ, చెప్పి మార్పించుకోవడానికీ చాలా తేడా ఉంది.

మీ గడ్డ హార్మోన్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ లాంటి ఆడ హార్మోన్లతో పెరిగే రకం, కాబట్టే ఈ మాత్ర ఇచ్చారు. ఈ రకం క్యాన్సర్‌కి ఒక దుర్గుణం ఉంది, అయిదేళ్ళు కాదు, పదిహేను ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తిరగబెట్టగలదు. ఒంట్లో ఈస్ట్రోజెన్ దాదాపు లేకుండా చేసి దాన్ని మేల్కోనివ్వకపోవడమే ఈ మాత్ర పని, ఆ ఈస్ట్రోజెన్ లేకపోవడం వల్లే కీళ్ళు కూడా పట్టేస్తాయి. అంటే ఆ నొప్పి మీ ఊహ కాదు, వయసూ కాదు, మాత్రదే. మీ చేత మాత్ర మాన్పించేది ఆ నొప్పే కాబట్టి ఆ నొప్పికి మందు వెయ్యాలి.

ఏం చేయొచ్చంటే చాలా ఉన్నాయి. డాక్టరే రెండు మూడు వారాలు ఆపి, ఇదే గుంపులోని ఇంకో మాత్రకి, ఎక్జిమెస్టేన్‌కో అనాస్ట్రోజోల్‌కో మార్చొచ్చు, ఒకటి పడనివాళ్ళకి ఇంకొకటి పడటం బాగా చూశాం. లేదా టామాక్సిఫెన్‌కి మార్చొచ్చు. డ్యులోక్సెటిన్ అనే మందు ఈ నొప్పులకి కొందరికి ఇస్తారు, ఆక్యుపంక్చర్ మీద కూడా మంచి స్టడీ వచ్చింది. వ్యాయామం ఏడాదిపాటు చేయించి చూస్తే నొప్పులు తగ్గాయని తేలింది. నేను మా పేషెంట్లకి చెప్పేది, పొద్దున మంచం మీదే ఉండి పిడికిలి మూసి తెరవడం ఇరవైసార్లు, గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి మళ్ళీ ఇరవైసార్లు, ఆ తర్వాతే రోజు మొదలు. పనిలో పనిగా విటమిన్ డి, ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ చేయించారో లేదో అడగండి, ఈ మాత్రలు ఎముకల్ని పలచన చేస్తాయి.

టామాక్సిఫెన్ మాటొచ్చింది కాబట్టి, ఆ మందు కథ నాకు భలే ఇష్టం. 1962లో దాన్ని తయారుచేసింది గర్భం రాకుండా చేసే మాత్ర కోసం, ఆ పనికి అది పనికిరాలేదు. పక్కన పడేయాల్సిన మందుని కొందరు పట్టుబట్టి రొమ్ము క్యాన్సర్‌లో వాడి చూశారు, 1977లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయిదేళ్ళు వాడితే ఈ జబ్బుతో చనిపోయే ముప్పు పదిహేనేళ్ళ లెక్కలో మూడో వంతు తగ్గుతుంది. "చిన్న మాత్రే కదా" అన్నారు చూడండి, అందుకు చెప్పా.

అది వాడేవాళ్ళకి మూడు జాగ్రత్తలు. పీరియడ్స్ ఆగిపోయాక బ్లీడింగ్ కనిపిస్తే చుక్కే కదా అనుకోకుండా చూపించాలి. ఒక కాలే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, అది ఎమర్జెన్సీ. ఇక డిప్రెషన్‌కో వేడి ఆవిర్లకో ఎవరైనా మందు రాస్తుంటే నేను టామాక్సిఫెన్ మీద ఉన్నానని నోరు తెరిచి చెప్పాలి, పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి దాని పని తగ్గించేస్తాయి, వెన్లాఫాక్సిన్ లాంటివైతే ఆ ఇబ్బంది ఉండదు.

రేపే ఫోన్ చేసి, డాక్టర్ గారూ, మూడు వారాల నుంచి వేసుకోవట్లేదు, వేళ్ళు ముడవలేకపోతున్నా అని ఒక్క వాక్యం చెప్పేయండి. ఆ వాక్యం వినని డాక్టరుండరు.

ప్రశ్న: నా భార్యకి ఒక రొమ్ము తీసేసి ఏడాదిన్నర అయింది. ఇదివరకు లేనిది ఇప్పుడు బట్టలు మార్చుకోవాలంటే గడియ పెట్టుకుంటుంది. దగ్గరకెళ్తే అటు తిరిగి పడుకుంటుంది. నాకేం తేడా లేదు అని చాలాసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా ఏడుస్తుంది. ఇది ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నా.

జవాబు: రాసినందుకు థ్యాంక్స్ అండీ, మగవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం మీది.

"తేడా లేదు" అన్నమాట దగ్గరే ముల్లుంది. మీకు లేదు, నిజమే కావచ్చు. ఆవిడకి ఉంది, రోజూ అద్దంలో ఉంది, బ్రా వేసుకున్న ప్రతిసారీ ఉంది. లేదు అన్నారంటే నీకున్నదాన్ని నువ్వు మాట్లాడొద్దు అన్నట్టు వినిపిస్తుంది. నా సంగతి చెప్తా, కట్టు తీసేశాక కూడా చాలా రోజులు నేను అద్దం మీద ఆవిరి పట్టేదాకా వేడినీళ్ళు వదిలి అప్పుడు స్నానం చేసేదాన్ని. మా ఆయనకి అది తెలీదు, గీజర్ బిల్లు ఎక్కువొస్తోందని గొణిగేవాడు. తేడా ఉంది, నాకూ కనిపిస్తోంది, నువ్వు నాకు కావాలి, ఈ మూడు కలిపి చెప్పి చూడండి, అదీ లైటార్పాక కాదు, మామూలుగా ఏ పనో చేసుకుంటున్నప్పుడు.

ఇంకోటి, అటు తిరిగి పడుకోవడానికి కారణం సిగ్గే అనుకోకండి, నొప్పి కూడా కావచ్చు. కీమో, హార్మోన్ మాత్రల వల్ల యోని పొడిబారిపోతుంది, కలయిక అంటే మంటగా, కోసినట్టుగా ఉంటుంది, అది చెప్పుకోలేక చాలామంది దగ్గరకే రానివ్వరు. హార్మోన్ లేని మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు, ఆ సమయంలో లూబ్రికెంట్, ఈ రెండింటితోనే చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఈస్ట్రోజెన్ క్రీమ్ లాంటివి మాత్రం ఆంకాలజిస్ట్‌ని అడక్కుండా వాడకూడదు. ఆపరేషన్ చేసిన చోట చర్మం కొంత మొద్దుగా, కొంత ముట్టుకుంటే చురుక్కుమనేలా ఉంటుంది, ఎక్కడ ముట్టుకోవచ్చో ఆవిడనే అడగండి. కొన్నాళ్ళు ముట్టుకోవడం ముట్టుకోవడంతోనే ఆగిపోనివ్వండి, దాని తర్వాత ఇంకేదో జరగాలన్న లెక్క లేకుండా.

బ్రా లోపల పెట్టుకునే సిలికాన్ రొమ్ము ఉంటుంది, గాయం మానాక, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత వాడొచ్చు. కొత్త రొమ్ము కట్టించుకునే సర్జరీ ఏళ్ళ తర్వాత కూడా చాలామందికి చేయొచ్చు. ఏదీ వద్దు, ఇలాగే ఉంటా అనడం కూడా ఒక నిర్ణయమే, నేను అదే చేశా. ఉన్నాయని సమాచారం ఇవ్వండి చాలు, ఎంచుకునేది ఆవిడ.

ప్రశ్న: మూడేళ్ళయింది. మా డాక్టర్ చెయ్యి పెట్టి చూసి ఏడాదికోసారి మామోగ్రామ్ రాస్తారు, ఇంకేం రాయరు. నాకు తెలిసినావిడకి ఆర్నెల్లకోసారి పెట్ స్కాన్, ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ జాడ కోసం చేసే రక్త పరీక్షలు) అన్నీ చేస్తున్నారట. మా డాక్టర్ పట్టించుకోవట్లేదా? నడుం నొప్పొస్తే చాలు ఎముకల్లోకి పాకిందేమో అని రాత్రంతా మేలుకుంటున్నా.

జవాబు: పట్టించుకుంటున్నారు కాబట్టే రాయట్లేదు. దీని మీద ఎప్పుడో 1994లోనే ఇటలీ నుంచి రెండు పెద్ద స్టడీలు వచ్చాయి, రెండూ కలిపి 2,500 మందికి పైనే ఆడవాళ్ళు. సగంమందికి క్రమం తప్పకుండా స్కాన్లు, ఎక్స్‌రేలు, మిగతావాళ్ళకి మామూలు చెకప్, మామోగ్రామ్. ఎన్నాళ్ళు బతికారన్న దాంట్లో రెండు గుంపులకీ తేడా రాలేదు. ఏ బాధా లేనివాళ్ళకి ఊరికే స్కాన్లు చేస్తే వచ్చేది ఎక్కువగా ఏంటంటే, ఏదో చిన్న మచ్చ కనిపిస్తుంది, దానికి ఇంకో స్కాన్, దానికి బయాప్సీ, చివరికి ఏమీ లేదంటారు, ఆ నెల రోజులు మీ ప్రాణం మీ దగ్గర ఉండదు. అందుకే గైడ్‌లైన్స్‌లో కూడా మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్, తర్వాత రెండేళ్ళు ఆరు నుంచి పన్నెండు నెలలకి, ఆపైన ఏడాదికోసారి, మామోగ్రామ్ ఏటా, అంతే ఉంది. బాధేదైనా ఉంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు స్కాన్ అడగడం మీ హక్కు.

మరి ఏ బాధకి వెళ్ళాలి? నేను వాడేది రెండు వారాల రూలు. కొత్త నొప్పి, మామూలుగా మనకొచ్చే రకం కాదు, రెండు వారాలైనా తగ్గట్లేదు, లేదా రోజురోజుకీ పెరుగుతోంది, రాత్రి నిద్రలోంచి లేపుతోంది, అప్పుడు వెళ్తా. కొత్త గడ్డ, కుట్ల దగ్గర ఎర్రటి పొక్కులు, ఆగని దగ్గు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, వాంతులతో తలనొప్పి, ఫిట్స్, నడుం నొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పడం, వీటికి రెండు వారాలు కూడా ఆగను. మంచం పక్కన ఒక నోట్‌బుక్ ఉంటుంది, నొప్పి రాగానే తారీకు వేసి రాసి మూసేస్తా. పాత పేజీలు తిరగేస్తే నవ్వొస్తుంది, "మార్చి 6, కుడి మోకాలు, ఖచ్చితంగా అదే" అని రాసుంది, మర్నాడు పేజీలో మోకాలు ఊసే లేదు. భయం పోదండీ, చెకప్ ముందు వారం నాకు ఇప్పటికీ ఇంట్లో అందరి మీదా చిరాకే, మా పిల్లలు క్యాలెండర్ చూసి తప్పుకుని తిరుగుతారు. కానీ ఆ భయం వల్ల రోజులకి రోజులు పని ఆగిపోతుంటే కౌన్సెలింగ్‌కి వెళ్ళండి, ఈ ఒక్క భయం కోసమే పద్ధతులున్నాయి.

ప్రశ్న: నాకు 32. టామాక్సిఫెన్ ఏడాదిన్నర నుంచి వాడుతున్నా. ఇంకా మూడున్నరేళ్ళు ఆగి అప్పుడు పిల్లల్ని కనమంటే నాకు 36 దాటుతుంది. మధ్యలో ఆపి కనొచ్చా అని అడిగితే ఇంట్లో గగ్గోలు పెట్టారు.

జవాబు: అడగాల్సిన ప్రశ్నే, ఇప్పుడు దీనికి జవాబు కూడా ఉంది. 2023లో పాజిటివ్ అనే స్టడీ ఫలితాలొచ్చాయి, 42 ఏళ్ళు, అంతలోపు ఉన్న 500 మందికి పైగా ఆడవాళ్ళు, మాత్రలు 18 నుంచి 30 నెలలు వాడాక రెండేళ్ళ వరకు ఆపారు. నలుగురిలో దాదాపు ముగ్గురికి గర్భం వచ్చింది. మూడేళ్ళ లెక్కలో చూస్తే ఆపనివాళ్ళ కంటే వీళ్ళకి జబ్బు ఎక్కువగా తిరగబెట్టలేదు. ఇంకా ఎక్కువ ఏళ్ళ లెక్క కోసం వాళ్ళని గమనిస్తూనే ఉన్నారు, అదీ గుర్తుంచుకోవాలి. మీ గడ్డ ఏ స్టేజిదో దాన్ని బట్టి మీ డాక్టర్ ఇంకొన్నాళ్ళు ఆగమనొచ్చు.

ఒక్కటి మాత్రం ఖచ్చితం, మాత్ర వేసుకుంటూ గర్భం రాకూడదు, బిడ్డకి ప్రమాదం. ఆపాక కూడా కనీసం మూడు నెలలు ఆగాలి, మీకు ఎన్నాళ్ళో డాక్టర్‌ని అడగండి. అప్పటిదాకా హార్మోన్ లేని జాగ్రత్తే, కాపర్-టీ గానీ కండోమ్ గానీ. పీరియడ్స్ రావట్లేదు కదా, నాకేం రాదులే అనుకుని ఇబ్బందిలో పడ్డవాళ్ళని చూశా. పుట్టాక పాలు రెండో పక్క నుంచి ఇవ్వొచ్చు, మళ్ళీ మాత్ర మొదలుపెట్టేదాకా. ఆపడం ఎంత ముఖ్యమో, తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం అంత ముఖ్యం.

ప్రశ్న: కీమో ముందు జుట్టు గడకర్రలా ఉండేది, ఇప్పుడు రింగులు రింగులుగా వస్తోంది, రంగు కూడా వేరే. ఇంక ఇంతేనా?

జవాబు: చాలామందికి అలాగే వస్తుంది, ఏడాదీ రెండేళ్ళలో మెల్లిగా పాత దారిలో పడుతుంది. నాకు రింగులే బాగున్నాయి, పోయినప్పుడు కాస్త బాధేసింది కూడా. మీ చివరి కీమో అయి ఆర్నెల్లు దాటినా జుట్టు పలచగానే ఉంటే మాత్రం స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 14. నిన్న రాత్రి లైట్ తీసేశాక "అమ్మా, నాక్కూడా వస్తుందా" అని అడిగింది. నిద్రపో అన్నాను. ఏం చెప్పాలో తెలీలేదు.

జవాబు: ఇంకోసారి అడిగేదాకా ఆగకండి, మీరే మొదలుపెట్టండి. తనకి చెప్పాల్సినవి మీకు ముందు తెలియాలి కాబట్టి చెప్తా. రొమ్ము క్యాన్సర్లలో నూటికి అయిదు నుంచి పది మాత్రమే తల్లిదండ్రుల నుంచి వచ్చిన జీన్ మార్పు వల్ల వస్తాయి, ఎక్కువగా వినపడేవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. మీకు చిన్న వయసులో వచ్చినా, ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ మాత్రలు, హెర్2 మందులు పనిచేయని రకం) అయినా, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము గానీ అండాశయం గానీ క్యాన్సర్ వచ్చి ఉన్నా మీరు టెస్ట్ గురించి అడగండి. టెస్ట్ ముందు మీకు, పాపకి కాదు. మీలో ఆ మార్పు లేకపోతే మీ వైపు నుంచి తనకి అది రాదు. ఉంటే, ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం, కొడుకులకైనా అంతే, నాన్న వైపు నుంచి కూడా రావచ్చు. అయినా సరే తనకి 18 నిండేదాకా టెస్ట్ అక్కర్లేదు, పెద్దయ్యాక చేయించుకోవాలా వద్దా తనే తేల్చుకుంటుంది, మార్పు ఉన్నవాళ్ళకి 25 ఏళ్ళ నుంచి ఎమ్మారై లాంటి చెకప్‌లుంటాయి.

ఇవాళ రాత్రికి మాత్రం ఇంత చాలు: "నిన్న అడిగావు కదా, నాకు జవాబు తెలీక నిద్రపో అన్నా. అందరికీ రాదు. మన ఇంట్లో వచ్చే రకమా కాదా అని నేను టెస్ట్ చేయించుకుని నీకు చెప్తా." లైట్ వేసి చెప్పండి, తను మీ మొహం చూడాలి.